పన్ను అడిగిన గవర్నరు

బిడ్డలను బడికి పంపుట తల్లిదండ్రుల విధి యని చెప్పు శాసనమును ప్రభుత్వమే పూనుకొని రద్దుచేయుట మిక్కిలి అరుదు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రము 1956లో ఆ పని చేసినది. తెల్లపిల్లలకును నల్లపిల్లలకును వేర్వేరు బడులుండుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పగా, ఇరుజాతుల బాలురు ఒకచోట కూర్చొని చదువుకొనుటకంటె చదువే నిర్బంధము కాకుండుట మేలని ఆ శాసనకర్తలు తలచిరి. ఆ ద్వేషఫలమును రెండు జాతుల పేదబిడ్డలును అనుభవించిరి.

1980లో గవర్నరైన విలియం వింటర్ (అక్కడి గవర్నరు ప్రజలెన్నుకొను పరిపాలకుడు, మన గవర్నరువలె రాష్ట్రపతి నియమించువాడు కాడు) అయిదేండ్ల పిల్లలకు రాష్ట్రమంతట ప్రభుత్వ కిండర్‌గార్టెన్లును, కట్టుదిట్టమైన హాజరు శాసనమును, తొలి తరగతులలో పఠనము నేర్పుటకు సహాయకులను, పంతుళ్లకు మెరుగైన జీతములను కోరెను. 1982 ఫిబ్రవరిలో కిండర్‌గార్టెన్ బిల్లు ఓటునకు రాకమునుపే సభాపతి సభను ముగించివైచెను. అంతట వింటర్ తన వాదమును రాజధాని జాక్సన్ వీడి పట్టణములకు గొనిపోయి, బహిరంగసభలలో తల్లిదండ్రుల నుద్దేశించి మాటలాడి, వారిచేతనే ప్రతినిధులను నిలదీయించి, డిసెంబరులో ప్రత్యేక సమావేశమును పిలిపించెను. ఈ మార్గమే నాకు ఆ బిల్లుకంటె గొప్పదిగ తోచుచున్నది. చదువు విలువ నెరిగిన తల్లి అడిగినప్పుడు శాసనసభ్యునకు తప్పించుకొను త్రోవ ఉండదు.

దిగువసభ విద్యాసంఘమునకు అప్పుడు అధ్యక్షుడు రాబర్ట్ క్లార్క్. 1967లో ఎన్నికై, ఇరువదవ శతాబ్దమున ఆ సభలో అడుగిడిన తొలి నల్లజాతి సభ్యుడాయన. మొదటి యేండ్లలో ఆయన ప్రక్కన కూర్చొనుటకు ఒక్క సభ్యుడైనను రాలేదు. అట్టివాడే ఆ రాష్ట్రపు పిల్లలందరి పక్షమున బిల్లును నడపెను.

బిల్లు డిసెంబరులోనే నెగ్గినది. వింటర్ చమురు, సహజవాయువులను వెలికితీయువారిపై పన్ను పెంచుమని కోరగా, శాసనసభ ఆ భారమును అమ్మకపు పన్నుమీదికి మరలించి, తిండిగింజలు కొను పేదవానిచేత కూడ కట్టించినది. దీనిని చిన్న లోపముగ నేనెంచజాలను. ఎవరి బిడ్డల నిమిత్తమై బడులు తెరువబడెనో వారే తమ శక్తికి మించి పన్నుభారము మోసిరి. చమురు బావుల యజమానులు తప్పించుకొనిరి. అయినను పన్ను లేని ప్రణాళిక కాగితముమీదనే యుండెడిది.

వెంటనే రెండవమారు పోటీచేయుటకు నాటి నిబంధనలు ఒప్పకపోవుటచే వింటర్ 1984లో పదవి వీడెను. అదే సంవత్సరము అమెరికా సెనేటునకు పోటీచేసి ఓడెను. ఆయన అడిగిన కిండర్‌గార్టెన్లు రాష్ట్రమంతట 1986లో మొదలైనవి.