అంటు చిగురించేదాకా ఆగండి!

సినిమా పేజీలో టాబ్లెట్ గొడవేమిటని నొసలు చిట్లించకండి. డాక్టరు రాసిచ్చే మాత్ర గురించి కాదు నేను చెప్పేది. పిల్లల చేతుల్లోనూ పెద్దల ఒళ్ళోనూ పలకలా కనిపిస్తుందే, ఆ ట్యాబ్ గురించి. దాన్ని చెరిపే ముందు అందులోని సరుకుని దాచుకోవడం గురించి. సినిమాకీ దీనికీ దగ్గర చుట్టరికమే ఉంది, వినండి.

మన మొదటి సినిమా ఏది అంటే "భీష్మ ప్రతిజ్ఞ, 1921" అని టక్కున చెప్పేస్తాం. రఘుపతి వెంకయ్యగారి కంపెనీ, ఆయన కుమారుడు ప్రకాష్‌గారి దర్శకత్వం. వెంకయ్యగారి పేరు మీద అవార్డు కూడా పెట్టుకున్నాం. సరే, ఆ సినిమా ఒక్కసారి చూపించండి అంటే? చూపించలేం. ఎక్కడా ప్రింటు లేదు!

పోనీ, అది మూకీ కాలం అనుకుందాం. మాటలు నేర్చిన మొదటి సినిమా "ఆలం ఆరా" 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. అదే ఏడు అక్టోబరు 31న హెచ్.ఎం.రెడ్డిగారి "కాళిదాస్" వచ్చింది. తమిళంతో పాటు తెలుగు మాట కూడా తెర మీద వినిపించింది అందులోనే. ఈ రెండూ కూడా ఇవాళ లేవు. పేర్లు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, బొమ్మ మాత్రం లేదు.

ఏ శత్రువులో వచ్చి తగలబెట్టారా? అబ్బే, లేదు. ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేటుది. నిప్పురవ్వ తగిలితే చాలు, భగ్గుమంటుంది. ఊరికే ఉంచినా ఏళ్ళు గడిచేకొద్దీ జిగురై, ఆఖరికి పొడి అవుతుంది. ఆడేసిన సినిమా డబ్బాలు గోడౌనుకి అడ్డం. పైగా ఫిల్ములో కాస్త వెండి ఉంటుంది. దాని కోసం ఎన్నో రీళ్ళు కరిగించేశారు. పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారం పెట్టేసరికి 1964 వచ్చింది. అప్పటికే జరగాల్సిన నష్టం చాలా వరకూ జరిగిపోయింది.

కరిగించినవాళ్ళంతా చెడ్డవాళ్ళేం కాదు. "ఇంకో కాపీ ఎక్కడో ఉండకపోతుందా" అనుకుని ఉంటారు. ఆ "ఎక్కడో" అన్న మాటే కొంప ముంచుతుంది.

★ ★ ★

ఈ వేసవిలో నూజివీడు వెళ్ళాను. (చిన్నరసాల రోజుల్లో నూజివీడు ఎందుకు వెళ్ళావని ఎవరూ అడక్కూడదు!) మా మేనమామకి అక్కడ తోట ఉంది. చిన్నరసం, బంగినపల్లి, కలెక్టరు – మూడూ కాస్తాయి. మామిడి తరవాత ఆయనకున్న పిచ్చి సినిమా పాటల పుస్తకాలు. సగం కథ చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఊరించే ఆ పలచటి పుస్తకాలు మీరూ హాలు దగ్గర కొనే ఉంటారు. అవి రెండు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి ఆయన దగ్గర. ఒక పెట్టెకి చెదలు పట్టాయి. మావయ్య కంగారుపడి, మనవరాలిని కూచోబెట్టుకుని ప్రతి పుటనీ ట్యాబ్‌తో ఫోటో తీయించాడు. మంచిపనే చేశాడు. ఆ తరవాత రెండో పెట్టె కూడా చెదలపాలైంది. అంటే ఇప్పుడు అసలు లేదు. నకలే అసలు!

ఆ ట్యాబ్ ఈమధ్య నత్తనడక నడుస్తోంది. అమ్మాయికి చదువుకి కావాలిట. "మొత్తం చెరిపేస్తే కొత్తదానిలా పరిగెడుతుంది తాతయ్యా, రెండు నిమిషాల పని" అంది.

మావయ్య ట్యాబ్‌ని ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఏరా అల్లుడూ, పాత చెట్టు కొట్టాలంటే ముందేం చేస్తాం?" అన్నాడు నాతో.

"అంట్లు కట్టుకుంటాం."

"మరి దీనికో?"

తోటల సంగతి తెలియనివారికి ఒక్క ముక్క. బంగినపల్లి టెంక పాతితే అదే బంగినపల్లి కాస్తుందన్న భరోసా లేదు. రకం నిలవాలంటే ఆ చెట్టు కొమ్మే తెచ్చి వేరే మొక్కకి అంటు కట్టాలి. కట్టగానే గొడ్డలి ఎత్తకూడదు. అది అతుక్కుని చిగురు వేసేదాకా ఆగాలి.

"ఫోటోలన్నీ గూగుల్లోకి ఎక్కేశాయి, కాపీ పూర్తయిందని రాసుంది చూడు" అంది అమ్మాయి. నిజమే, పాటల పుస్తకాలన్నీ ఉన్నాయి. "మరి మీ నాయనమ్మ పాటలో?" అన్నాడు మావయ్య. పోయిన మా అత్తయ్య సువ్వి పాటలు బాగా పాడేది. ఆ గొంతుని ఆయన ట్యాబ్‌లోని రికార్డరులో పట్టాడు. వెతికాం. గూగుల్లో ఒక్కటి కూడా లేదు! ఫోటోలు దాచే ఆ ఏర్పాటు ఫోటోలనీ వీడియోలనీ చూసుకుంటుందే గానీ, రికార్డరులో ఉన్న గొంతు జోలికి పోదు. ఆ రెండు నిమిషాల పని అప్పుడే చేసి ఉంటే అత్తయ్య రెండోసారి పోయేది.

వైరు తగిలించి కంప్యూటర్లోకి ఎక్కించాం. ఎక్కిందని ఊరుకోకుండా ఒక్కొక్కటే తెరిచి విన్నాం. ఒక పాట మధ్యలో అత్తయ్య "పొయ్యి మీద పాలు చూడవే" అని ఎవరినో కేకేసింది. ఆ ముక్క మావయ్య మళ్ళీ పెట్టించుకున్నాడు.

ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి హైదరాబాదులో ఉన్న కూతురికి పంపాడు. మూడో రోజున ఆవిడ ఫోను చేసి "అన్నీ వచ్చాయి నాన్నా, విన్నాను" అన్నాక గానీ చెరపనివ్వలేదు.

★ ★ ★

ఇది పల్లెటూరి ముసలాయన చాదస్తం అనుకునేవారికి హాలీవుడ్ కబురు ఒకటి. 1998లో పిక్సార్ కంపెనీలో "టాయ్ స్టోరీ 2" తయారవుతోంది. ఎవరో కంప్యూటరుకి ఇచ్చిన ఒకే ఒక్క ఆజ్ఞతో సినిమాలో చాలా భాగం చెరిగిపోవడం మొదలెట్టింది. బొమ్మలు కళ్ళెదుటే మాయం! "ఫరవాలేదు, కాపీ ఉందిగా" అని తీసి చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడమే లేదు. ఎవరూ తెరిచి చూడలేదు మరి. కంపెనీలో గాలిన్ సుస్మన్ అనే ఆవిడ పసిబిడ్డ తల్లి, ఇంటి నుంచి పని చేస్తోంది. అందుకని ఆవిడ ఇంట్లో ఓ కాపీ ఉంది. ఆ కంప్యూటర్ని దుప్పట్లలో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు కార్లో స్టూడియోకి తెచ్చారు. ఒక తల్లి పుణ్యమా అని అంత పెద్ద కంపెనీ గట్టెక్కింది! సినిమా 1999లో విడుదలైంది.

కనక, చెరిపే ముందు ఏంచేయాలో వరసగా చెబుతాను. మొదట ఏమేం ఉన్నాయో కాగితం మీద రాసుకోండి: ఫోటోలు, వీడియోలు, రికార్డు చేసిన గొంతులు, దింపుకున్న ఫైళ్ళు, నోట్సు, ఫోను నంబర్లు. వాట్సాప్‌కి దాని కాపీ విడిగా తీయాలి, అది దాని లెక్క. ఓటీటీ సినిమాల గురించి బెంగ వద్దు, చందా ఉంటే మళ్ళీ దింపుకోవచ్చు.

కాపీలు రెండు చోట్ల ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంటి బయట. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ చోటు. 2021 జూన్ 1 నుంచి ఫోటోలు కూడా అందులోనే సర్దుకోవాలి, మెయిలుతో కలిపి. నిండితే కొత్తవి ఎక్కవు. ట్యాబ్‌లో చోటు కోసమని ఆ ఫోటోల యాప్‌లోనే ఒక్కొక్కటీ తీసేయబోకండి. ఇక్కడ తీస్తే అక్కడా పోతుంది.

మెమరీ కార్డు ఉంటే ముందే చూసుకోండి. దాన్ని ట్యాబ్ సొంత చోటులో కలిపేసి ఉంటే, చెరిపాక ఆ కార్డుని ఏ యంత్రమూ చదవలేదు. అందులోవి కూడా ముందే బయటికి తీయాలి. గూగుల్ పాస్‌వర్డు గుర్తుందో లేదో చూసుకోండి. ట్యాబ్ ఇంకొకరికి ఇచ్చేస్తుంటే మీ ఖాతా తీసేశాకే చెరపండి. లేకపోతే అది పాత యజమాని పాస్‌వర్డే అడుగుతూ కూచుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం: కాపీని వేరే యంత్రంలో తెరిచి చూడండి, వినండి. చిగురు కనిపించాకే గొడ్డలి!

1957 నాటి "మాయాబజార్"ని 2010లో రంగుల్లో చూశాం. ఎవరో భద్రంగా దాచారు గనక ఆ భాగ్యం దక్కింది. "కాళిదాస్"కి ఆ యోగం లేకపోయింది. మీ ట్యాబ్‌లో ఉన్న అమ్మ గొంతుకి ఏ భాండాగారమూ లేదు, మీరే భాండాగారం.

ఆనాడు రీళ్ళు కరిగించినవాళ్ళకి కాస్త వెండి అయినా మిగిలింది. చూసుకోకుండా ట్యాబ్ చెరిపితే మనకి ఆపాటి వెండి కూడా మిగలదండోయ్!

వచ్చే వారం మరో కబురుతో కలుద్దాం.