గ్లాసు మార్చడానికి పిన్ ఎందుకు బాబూ?

మా నగరం పేరుకే నగరం. ఫోను గ్లాసు పగిలినా, పిల్లల లాప్‌టాప్ మొరాయించినా రేపల్లె పోవాలి. అక్కడ కాదంటే తెనాలి రైలెక్కాలి. షాపులో అబ్బాయి మొదట అడిగేది "పిన్ చెప్పండి మేడమ్" అని. చెప్పేస్తాం. అతను చిన్న కాగితం మీద రాసి ఫోను వెనకే అంటిస్తాడు! తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు.

ఇదేమిటని అడిగితే "మీ ఫోన్లో దాచుకోవాల్సినవి ఏమున్నాయని?" అంటారు. మగవాళ్ళే కాదు, మన ఆడవాళ్ళూ అంటారు, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఏమున్నాయా? పాలిచ్చేటప్పుడు చెల్లెలు తీసిన ఫోటో, డాక్టరు రాసిచ్చిన చీటీ, డ్వాక్రా లెక్కలు, బ్యాంకు మెసేజీలు, అమ్మతో చెప్పుకున్న అత్తింటి గోడు. ఇందులో తప్పేదీ లేదే! బాత్‌రూమ్‌కి గడియ పెట్టుకునేది లోపల తప్పు చేస్తున్నామనా?

లాప్‌టాప్ పాస్‌వర్డ్ చెప్పకుండా ఇచ్చాం కదా అని ధీమా వద్దు. అది వీధి గుమ్మంలో కూర్చున్న తాతగారి లాంటిది, దొడ్డిదారిన వచ్చేవాణ్ణి ఆపలేదు. ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉండకపోతే, డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్ళన్నీ కనబడతాయి. ఈమధ్య వచ్చే ఫోన్లు అలా కాదు, లోపలిదంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. దాన్ని తెరిచేది మన పిన్నే. ఆ ఒక్కదాన్నీ మనమే నోటితో చెప్పి వస్తున్నాం! పిన్ తెలిసినవాడికి మన వాట్సాప్‌ని లింక్డ్ డివైసెస్‌లో తన కంప్యూటర్‌కి కలుపుకోడం ఎంతసేపు? మనం ఇంటికొచ్చి కూర విండుకుంటుంటే మన మెసేజీలు అక్కడ కూడా వస్తుంటాయి.

షాపు కుర్రాళ్ళందరూ దొంగలని కాదు. ఒక్కడు చాలు. హాంకాంగ్‌లో ఎడిసన్ చెన్ అనే నటుడు రిపేరుకిచ్చిన లాప్‌టాప్‌లోంచి 2008లో ఫోటోలు బయటపడ్డాయి. కాపీ చేసిన టెక్నీషియన్‌కి మరుసటి ఏడు జైలుశిక్ష పడింది, బాగుంది. కానీ ఆ ఫోటోల్లో ఉన్న గిలియన్ చుంగ్ అనే అమ్మాయి కెమెరాల ముందుకొచ్చి, తాను అమాయకంగా, తెలివితక్కువగా ఉన్నానని ఒప్పుకోవాల్సి వచ్చింది. దొంగిలించిందెవరు, సంజాయిషీ ఎవరిది?

చట్టం మన పక్కనే ఉంది. సెల్‌ఫోను కూడా కంప్యూటరేనని 2005లోనే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. యజమాని అనుమతి లేకుండా, దురుద్దేశంతో అందులో చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గ్లాసు మార్చమని ఇస్తే గ్యాలరీ చూడమని అనుమతి ఇచ్చినట్టా?

కాబట్టి వదినలూ, పిన్ చెప్పకండి. కొత్త గ్లాసు మీద టచ్ పనిచేస్తోందో లేదో ఎమర్జెన్సీ కాల్ అంకెలు నొక్కితే తెలుస్తుంది. కొత్త శామ్‌సంగ్ ఫోన్లలో అయితే మెయింటెనెన్స్ మోడ్ ఉంది, అది పెట్టి ఇస్తే మన ఫోటోలు, మెసేజీలు కనబడవు. తెచ్చుకున్నాక లింక్డ్ డివైసెస్ తెరిచి, తెలియనిది ఉంటే లాగౌట్ చేయండి. పిన్ లేనిదే చెయ్యనంటాడా, తప్పదంటే మన చేత్తో మనమే తెరిచి, పనయ్యేదాకా ఎదురుగా కూర్చుందాం. తెనాలి నుంచి తర్వాత రైలుకి రావచ్చు.