గని పోయినా కొండ మిగిలింది

ప్రభుత్వరంగ సంస్థల కాలనీలలో పుట్టి పెరిగినవారికి సైకిలు కొత్త వస్తువు కాదు. ఉదయం షిఫ్టుకు కర్మాగార ద్వారం వైపు బారులు తీరి సాగిన సైకిళ్లు, రాత్రి షిఫ్టు ముగించుకొని నిద్రకళ్లతో ఇంటిముఖం పట్టిన సైకిళ్లు మన జ్ఞాపకాలలో చెరగని భాగం. మనిషిని జీవనాధారం వద్దకు చేర్చిన వాహనం అది. అయితే ఆ సైకిలే ఒక ఊరికి జీవనాధారం కాగలదా? గని మూతపడి, జనం తరలిపోయి, పేరు మాత్రమే మిగిలిన ఒక కొండపల్లె కథ ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఆ సమాధానంలో ఆశతోపాటు హెచ్చరిక కూడ ఉన్నది.

ఆస్ట్రేలియా దేశానికి దక్షిణాన ఉన్న ద్వీపరాష్ట్రం టాస్మేనియా. దాని ఈశాన్యభాగంలో, అడవులు దట్టంగా కమ్ముకొన్న కొండల నడుమ డెర్బీ అనే చిన్న గ్రామం ఉన్నది. 1870వ దశకంలో ఆ ప్రాంతంలో తగరం బయటపడింది. క్రుష్కా సోదరులు తవ్వకం ప్రారంభించిన గని చుట్టూ ఊరు వెలసింది. ఆ గనికి తరువాత ‘బ్రైసీస్’ అని పేరు పెట్టారు. అది 1876లో మెల్‌బోర్న్ కప్ గెలిచిన గుర్రం పేరు! నీటిని ఉధృతంగా చిమ్మి కొండవాలును కరిగించి, ఆ బురదలోనుండి తగరపు ముడిఖనిజాన్ని వేరుచేయడం అక్కడి పద్ధతి. అందుకు నీరు కావాలి గనుక కొండల వెంబడి కాలువలు తవ్వారు, ఆనకట్ట కట్టారు.

ఆ నీరే ఊరికి మృత్యువైంది. 1929 ఏప్రిల్ 4వ తేదీన కుండపోత వర్షాలకు కాస్కేడ్ నదిపై ఉన్న ఆనకట్ట తెగిపోయింది. 14 మంది ప్రాణాలు కోల్పోయారు. గని నీట మునిగింది. కొన్నేళ్లకు పనులు మళ్లీ మొదలైనా పూర్వవైభవం రాలేదు. 1940వ దశకం గడిచేసరికి గని కథ ముగిసింది. పని ఉన్నచోటికి మనుషులు వెళ్లారు. వేలమంది నివసించిన ఊరిలో చివరకు రెండు వందల మంది కూడ మిగలలేదు. దశాబ్దాల తరబడి డెర్బీ, దారిన పోయే వాహనాలు ఆగకుండా దాటిపోయే ఊరుగా ఉండిపోయింది.

గని పోయింది, కాని కొండ ఎక్కడికీ పోలేదు. అడవి, బండరాళ్లు, వాలు, వాగు అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. కొండదారులలో నడిపేందుకు ప్రత్యేకంగా రూపొందించిన సైకిళ్లు, అంటే వెడల్పు టైర్లు, కుదుపులను మింగే స్ప్రింగులు, బలమైన బ్రేకులు గల ‘మౌంటెన్ బైక్’లు అప్పటికే ప్రపంచమంతటా వ్యాపించాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పందెం పతకాల పోటీగా ప్రవేశించింది కూడ. ఆ ప్రాంతపు రెండు స్థానిక మండళ్లు, డార్సెట్, బ్రేక్ ఓడే, కలిసి సైకిల్ బాటల పథకాన్ని తలపెట్టాయి. సుమారు 31 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల వ్యయంలో అధికభాగం కేంద్రప్రభుత్వ నిధులే. 2015లో ‘బ్లూ డెర్బీ’ పేరుతో బాటలు ప్రారంభమయ్యాయి. 2017లో ప్రపంచస్థాయి ‘ఎండ్యూరో’ పోటీ ఆ చిన్న ఊరికి వచ్చింది.

కొండపై సైకిల్ బాట అనగానే పొదలు నరికి దారి చేయడమే అనుకొంటే పొరపాటు. అది చక్కని ఇంజనీరింగు పని. బాటకు మొదటి శత్రువు సైకిలు కాదు, వాననీరు. కొండవాలుకు నిలువుగా బాట వేస్తే మొదటి వర్షానికే అది వాగై కోసుకుపోతుంది. అందువలన బాటను వాలుకు అడ్డంగా, పాములా మెలికలు తిప్పుతూ తీసుకువెళతారు. దీనికి నిర్మాతలు పాటించే సూత్రం ఒకటున్నది: బాట వాలు, అది సాగే కొండవాలులో సగానికి మించరాదు. కొండ నూటికి 16 వంతుల వాలుగా ఉంటే బాట 8 వంతులు దాటకూడదు. మొత్తం మీద సగటు వాలు నూటికి 10 వంతుల లోపు ఉండడం మేలు. బాట ఉపరితలాన్ని లోయవైపు కొద్దిగా వంచుతారు. దిగుతున్న బాటను అక్కడక్కడ కాస్త పైకి లేపి మళ్లీ దించుతారు. ఆ మలుపులవద్ద నీరు బాటను విడిచి పక్కకు జారిపోతుంది. మట్టి నిలవనిచోట రాళ్లు పరుస్తారు. వేగంగా తిరిగే వంపులలో బయటి అంచును గట్టులా ఎత్తుచేస్తారు. ఆనాడు గనికి నీరు తెచ్చేందుకు కొండ చుట్టుకొలత వెంబడి వాలు చూసి కాలువ తీసిన కార్మికుని నేర్పూ, నేడు సైకిల్ బాట తీసే కార్మికుని నేర్పూ ఒక తల్లి బిడ్డలే.

బాటలకు కష్టాన్నిబట్టి గుర్తులుంటాయి. ఆకుపచ్చ వృత్తం కొత్తవారికి, నీలి చతురస్రం కొంత అనుభవం గలవారికి, నల్ల వజ్రాకారం ఆరితేరినవారికి. ‘బ్లూ టియర్’ అనే బాట ఎత్తయిన బయలునుండి బయలుదేరి, మహావృక్షాలు, చెట్టంత ఎత్తు ఫెర్న్ మొక్కలు నిండిన వర్షారణ్యం గుండా ఇరవై కిలోమీటర్లకు పైగా సాగుతుంది. అన్నిటికంటే మనసును తాకేది బాటల పేర్లు. ఒకదాని పేరు ‘క్రుష్కాస్’, మరొకటి ‘బ్రైసీస్’. ఇంకొకటి ‘డ్యామ్ బస్టర్స్’, ఆనాటి ఆనకట్ట విషాదాన్ని గుర్తుచేసే పేరు. ఊరు తన గతాన్ని దాచుకోలేదు, దారులకు పేరుగా పెట్టుకొన్నది.

బాటలతో బాటు ఊరికి బ్రతుకు వచ్చింది. సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణాలు, భోజనశాలలు, విడిది గృహాలు వెలిశాయి. సైకిళ్లనూ మనుషులనూ కొండపైకి చేర్చే వాహనాలు నడుస్తున్నాయి. కాని ప్రతి నాణేనికీ రెండవ వైపు ఉంటుంది. అడిగే దిక్కులేని ఇళ్లకు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. అద్దెకు ఇల్లు దొరకడం అక్కడ పనిచేసేవారికే కష్టమైంది. బాటలకు దగ్గరి అడవిలో కలప నరకడంపై వివాదం న్యాయస్థానందాకా వెళ్లింది. పర్యాటకం ఋతువును అనుసరించి వచ్చిపోతుంది. గని ఇచ్చినట్టు నెలనెలా జీతం ఇవ్వదు. పైగా బాట ఒకసారి వేసి మరచిపోయేది కాదు, ప్రతి వానాకాలం తరువాత మరమ్మతు కోరుతుంది.

ఈ కథ చదువుతున్నప్పుడు మన మనసు కోలార్ వైపు మళ్లక మానదు. నూట ఇరవై ఏళ్ల చరిత్ర గల ఆ బంగారు గనులలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున పని జరిగింది. తమిళ కుటుంబాలతో పాటు చిత్తూరు సీమనుండి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా చెమటోడ్చాయి. ప్రభుత్వరంగ సంస్థ అయిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. ఎందరో పొద్దు పొడవకముందే రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్లి రాత్రికి తిరిగిరావలసి వచ్చింది. మిగిలినవి నిలిచిపోయిన యంత్రగోపురాలు, సైనైడ్ కలిసిన వ్యర్థాల దిబ్బలు. డెర్బీతో కోలార్‌ను తూకం వేయరాదు. ఇక్కడి జనసంఖ్య ఎన్నో రెట్లు అధికం, నేల గాయమూ లోతైనది. రెండు వందల మంది ఊరిని నిలబెట్టిన సైకిల్ బాట ఇంత పెద్ద పట్టణానికి మందు కాజాలదు.

అయినా డెర్బీ నేర్పే పాఠం మనకు పనికివచ్చేదే. గని మూతపడ్డాక దాదాపు ఏడు దశాబ్దాలకు గాని ఆ ఊరికి రెండవ బ్రతుకు దొరకలేదు. ఆ నడుమ ఊరు విడిచిన రెండు తరాలవారికి ఆ మేలు అందలేదు. మన దేశంలో 2003నుండి ఖనిజ గనులకూ, 2009నుండి బొగ్గు గనులకూ మూసివేత ప్రణాళికను ముందుగానే సిద్ధం చేయాలన్న నియమాలు వచ్చాయి. ఆ ప్రణాళికలో గోతులు పూడ్చడం, మొక్కలు నాటడం ఉంటాయి. వాటితో పాటు, ఆ ఊరి మనుషులు రేపు ఏమి చేసి బ్రతుకుతారన్న ప్రశ్న కూడ మొదటి పుటలోనే ఉండాలి. గని నడుస్తుండగా, జీతాలు అందుతుండగా అడగవలసిన ప్రశ్న అది.

నేలలోని ఖనిజం ఏదో ఒకనాడు తరుగుతుంది. కొండ, నీరు, అడవి, కార్మికుని చేతిలోని నేర్పు మిగులుతాయి. పని జరుగుతున్నన్నాళ్లూ వీటిని పాడుచేయకుండా కాపాడుకోగలిగితే, మన పిల్లలు వాటినుండి కొత్త దారి వేసుకోగలరు.