వాళ్లకు పద్దెనిమిది గుంతలు.. మనకు గుంట జాగ లేదు!

డోర్నకల్ జంక్షన్‌లో మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం అది. కొత్తగూడెం దిక్కు పోయే బండి కోసం ఎదురుచూస్తూ బజ్జీలు తిన్నం. చేతులు తుడుచుకోబోయి చూస్తే హైదరాబాద్ ఇంగ్లిషు పేపర్ రంగుల పేజీ. గోల్ఫ్ క్లబ్బు ముచ్చట్లు. ఒకాయన వెండి కప్పు అందుకుంటున్నడు. పక్కన టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు నవ్వుతున్నరు. సభ్యుల టోర్నమెంటు అయినంక రాత్రి విందు జరిగిందట. తంబోలా ఆడిండ్రట. లక్కీ డ్రాలో ఎవరికో విమానం టికెట్లు తగిలినయట. నూనె మరక వెనుక నుంచి గడ్డి నిగనిగలాడుతున్నది.

బజ్జీల అవ్వ తొంగి చూసింది.

"గంత పచ్చగున్నది, ఏం పంట బిడ్డా అది?"

"పంట కాదవ్వా, ఆట. కర్రతోటి బంతిని కొట్టి గుంతలో వేసే ఆట."

"గోటీలాటనా? దానికి ఎంత జాగ గావాలె?"

మణికొండ దిక్కున్న మైదానం సంగతి చెప్పినం. 235 ఎకరాలు. అవ్వ నమ్మలేదు. "నువ్వు తప్పు చదివినవ్ గని మల్ల జూడు" అన్నది.

తప్పు చదవలేదు. అవ్వకు నమ్మబుద్ధి కాని ఆ లెక్కనే ఈ వారం విప్పి చెప్పదలచుకున్నం.

మొదలే ఒక మాట. గోల్ఫ్ ఆట మీద మాకు పగ లేదు. తెల్లదొరలు 1829లోనే కలకత్తాలో క్లబ్బు పెట్టుకొని ఆడిన ఆట అది. ఢిల్లీలో ఆడేటోళ్ల సంచులు మోసిన క్యాడీ అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిండు. మోసే చేతికి కర్ర దొరికితే ఏమైతదో ఆయన చూపెట్టిండు. కాబట్టి పేచీ ఆటతోటి కాదు. ఆట కింద ఉన్న భూమి ఎవరిది, దానికి కిరాయి ఎంత, ఆ కిరాయి ఎవరి ఖజానాకు పోతున్నది? పేచీ గిదీ.

2000 ప్రాంతంలో చంద్రబాబు సర్కారుకు హైదరాబాద్‌ను ప్రపంచ నగరం చెయ్యాలన్న ముచ్చట పుట్టింది. ప్రపంచ నగరం అంటే గోల్ఫ్ మైదానం ఉండాలె, కన్వెన్షన్ సెంటర్ ఉండాలె, పెద్ద హోటల్ ఉండాలె, విల్లాలుండాలె. దుబాయి కంపెనీ ఎమ్మార్ వచ్చింది. 2003 ఆగస్టులో ఏపీఐఐసీ దానితోటి ఒప్పందం రాసుకున్నది. మణికొండ, నానక్‌రామ్‌గూడ దిక్కు దాదాపు 535 ఎకరాలు కేటాయించిండ్రు. విల్లాల టౌన్‌షిప్‌కు 258 ఎకరాలు ఎకరం 29 లక్షల లెక్కన ఇచ్చిండ్రు. గోల్ఫ్ మైదానానికి 235 ఎకరాలు 66 ఏండ్ల లీజుకు ఇచ్చిండ్రు. ఇయ్యాల బౌల్డర్ హిల్స్ అని పిలిచే మైదానం అదే.

29 లక్షలు గుర్తుంచుకోండ్రి. ఆ ఒప్పందం జరిగి మూడేండ్లు తిరగకముందే, 2006లో, కూతవేటు దూరంలోని కోకాపేటలో సర్కారే వేలం పెడితే ఎకరం 14 కోట్ల దాకా పలికింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు పోయింది. రాళ్లగుట్టలు, మేకలు మేసే జాగ, ఎవనికి పనికొస్తదని అప్పట్లో వాదించిన మేధావులు ఇప్పుడు ఎక్కడున్నరో! వాళ్లలో కొందరు ఆ పచ్చిక మీదనే తిరుగుతున్నరేమో మాకు తెల్వదు.

టౌన్‌షిప్ సంగతి అందరికీ ఎరికే. రాజశేఖరరెడ్డి సర్కారు వచ్చినంక ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే ఇంకో కంపెనీ నడుమ జొరబడ్డది. ఏపీఐఐసీ వాటా పలుచబడ్డదని, కాగితం మీద గజం 5 వేలు చూపెట్టి చేతికింద వేల రూపాయలు తీసుకున్నరని ఆరోపణలొచ్చినయి. హైకోర్టు ఆదేశం మీద 2011లో సీబీఐ కేసు పెట్టింది. ఎవరు దోషులో తేల్చేది కోర్టు. ఆ కథ పేపర్లన్నీ రాసినయి. మేము కొత్తగా చెప్పేది లేదు.

ఎవరూ రాయనిది ఆ పచ్చిక సంగతి.

66 ఏండ్ల లీజంటే ఎంతకాలమో ఉద్యోగ మిత్రులకు వాళ్ల లెక్కలోనే చెప్తం. ఆ సంతకాలయిన నాడు మా డోర్నకల్‌లో ఒక పిల్లగాడు పుట్టిండనుకోండ్రి. వాడు బడికి పోయి, డిగ్రీ చదివి, నోటిఫికేషన్ల కోసం ఏండ్లకేండ్లు అశోక్‌నగర్ గదుల్లో కూసొని, కొలువు దొరికి, 61 ఏండ్లకు రిటైరై, ఐదేండ్లు పింఛను తిన్నంక ఆ భూమి మల్ల సర్కారు చేతికి వస్తది. ఒక మనిషి బతుకంత లీజు అది.

మరి కిరాయి? ఎకరానికి ఇంత అని లేదు. క్లబ్బుకు ఏడాదికి వచ్చే ఆదాయంలో 2 శాతం! రైతు కౌలుకు తీసుకుంటే పంట ఎండినా మునిగినా ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటడు. కౌలుదారు ఇంట్ల శావైనా సరే, కౌలు ఆగదు. 235 ఎకరాల కౌలుదారుకు మాత్రం, నీకు ఎంతొస్తే అంతలో రెండు పైసలు మా మొఖాన కొట్టు అన్నరు. ఎంత వచ్చిందో చెప్పేది ఎవరు? ఆ కౌలుదారే!

ఇక్కడనే మనం ఆగి ఆలోచించాలె. క్లబ్బు విందులు, సభ్యత్వం ఫీజులు, టోర్నమెంట్ల స్పాన్సర్లు, బార్ బిల్లులు వాళ్ల సొంత ముచ్చట, మీకెందుకు అంటరు. కిరాయి ఎకరం లెక్కన ఉంటే నిజంగానే మనకెందుకు! తాగుతే తాగనీ, ఆడుతే ఆడనీ. కిరాయి ఆదాయంలో వాటా అయినప్పుడు మాత్రం ఆ విందులో ప్రతి ప్లేటు లెక్క ప్రజల లెక్కే. సభ్యత్వానికి ఎంత తీసుకున్నరు, అది ఆదాయం కింద చూపెట్టిండ్రా, డిపాజిట్ కింద చూపెట్టిండ్రా, ఒక్కొక్క సంవత్సరం ఖజానాకు ఎంత జమ అయింది? బజ్జీల కాగితం మీద ఉన్న వార్త రంగుల పేజీలో కాదు, బడ్జెట్ పద్దుల్లో ఉండాల్సిన వార్త.

ఇది కొత్తగా పుట్టిన బాధ కాదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం తీసి చదవండ్రి. తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకం మీద ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలని అందులో స్పష్టంగ రాసి ఉన్నది. భూమి పోతే ఏం పోతదో ఆనాటి మన పెద్దలకు తెలుసు. ఆ మండలి స్థానంలో పెట్టిన ప్రాంతీయ సంఘాన్ని కూడా 1973లో ఎత్తేసిండ్రు. కావలి కుక్కను కాల్చి చంపినంక దొడ్డి గేటు తీసిండ్రు. మణికొండ ఆ తెరిచిన గేటులో నుంచి పోయినదే.

అయితే ఇదంతా వలస పాలకుల పాపం అని రాసి చేతులు దులుపుకుంటే మమ్మల్ని మేము మోసం చేసుకున్నట్టు. 2011లో సకల జనుల సమ్మెలో జీతాలు రాకున్నా 42 రోజులు నిలబడ్డ ఉద్యోగులున్నరు. రైలు రోకోల్లో పట్టాల మీద మాతోటి కూసున్న డిగ్రీ పిల్లలున్నరు. 2010 మే 28న మానుకోట స్టేషన్‌ల పట్టాల కంకర చేతబట్టినోళ్లున్నరు. వాళ్లంతా 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చి చేతిల పెట్టిండ్రు. పెట్టి పదేండ్లు దాటింది. ఆ లీజు కాగితం మీద మన సర్కార్లు ఏం చేసినయి?

2015లో కార్యదర్శుల కమిటీ వేసిండ్రు. సర్కారు మారింది. 2025 జనవరిలో దుబాయి కంపెనీ పెద్దలు హైదరాబాద్ వచ్చి ముఖ్యమంత్రిని కలిసిండ్రు. వివాదం తెంచుకుందామని, దానికి న్యాయ నిపుణులను పెడుదామని మాట్లాడుకున్నరు. కమిటీ మీద కమిటీ. ఆంధ్రా ముఖ్యమంత్రి సంతకం పెట్టినప్పుడు దోపిడీ అయిన ఒప్పందం, మనోళ్లు కుర్సీ ఎక్కంగనే 'వివాదం' అయిపోయింది. మాట మెత్తబడ్డది చూసిండ్రా!

నడుమ ఇంకొక ముచ్చట జరిగింది. మణికొండ జాగీరు భూములు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గావని వక్ఫ్ బోర్డు, కావు సర్కారువని ప్రభుత్వం ఏండ్ల తరబడి కొట్లాడినయి. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు 1654 ఎకరాల 32 గుంటలు సర్కారువేనని తీర్పు చెప్పింది. అంటే మన సర్కారు, మన పైసలతో పెద్ద వకీళ్లను పెట్టి, ఢిల్లీ దాకా పోయి, ఈ భూమి గుంటలతో సహా నాది అని గెలిచింది. దర్గాను చూసి నాది అన్న నోరు, గోల్ఫ్ క్లబ్బు గేటు కాడ ఎందుకు పెగలదు?

గోల్కొండ దిక్కు కూడా ఒకసారి చూద్దాం. 2014 ఆగస్టు 15న కొత్త రాష్ట్రం మొదటి పంద్రాగస్టు జెండా గోల్కొండ కోట మీద ఎగిరింది. పరేడ్ మైదానాన్ని కాదని మన చరిత్ర దగ్గరికి పోయినమని అందరం సంబురపడ్డం. ఆ నాడే దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం అక్కడ మొదలుపెట్టిండ్రు. ఆ కోటకు ఆనుకొనే నయా ఖిల్లా ఉన్నది. 1656లో మొగలులు దండెత్తి పోయినంక అబ్దుల్లా కుతుబ్ షా కట్టించిన కొత్త కోట. దాని లోపల వందల ఏండ్ల ఏనుగుల చెట్టు ఉన్నది, మసీదులున్నయి, నీటి కుంటలున్నయి. గోల్ఫ్ మైదానం కూడా ఉన్నది! చరిత్ర కట్టడాల నడుమ పచ్చిక పరుచుడేందని చరిత్రకారులు, చుట్టుపక్కల బస్తీలోళ్లు ఏండ్లసంది మొత్తుకుంటనే ఉన్నరు. జెండా ఎగిరిన బురుజు కోటకు ఒక దిక్కు, గోల్ఫ్ బంతి ఎగిరే మైదానం ఇంకో దిక్కు.

మూడెకరాల పథకానికి భూమి దొరకలేదన్నరు. మణికొండ మైదానం ఒక్కదాని విస్తీర్ణం మూడెకరాల లెక్కన పంచితే 78 కుటుంబాలకు వస్తది, ఇంకా ఎకరం మిగులుతది. అక్కడనే నాగలి కట్టాలని మేము అనడంలేదు. భూమి లేదు అన్న మాట ఎవరి కాడ అంటున్నరో, ఎవరి కాడ అనడంలేదో చూడుమంటున్నం.

ఆత్మగౌరవం సంగతి కూడా ఉన్నది. 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకు ఒక సభ్యుడు పిలిస్తే మేఘాలయకు చెందిన ఖాసీ మహిళ భోజనానికి పోయింది. తన జాతి బట్ట, జైన్‌సెమ్ కట్టుకొని పోయింది. పనిమనిషి లెక్క ఉన్నవని బల్ల మీద నుంచి లేపిండ్రు. దేశమంతా గోల అయింది. ఆ క్లబ్బు ఉన్నది కూడా సర్కారు లీజు భూమిలోనే. మా డోర్నకల్ చుట్టూ తండాలే. పేటియా, కాంచళి కట్టుకున్న లంబాడా తల్లి సంతలో, రైలులో, ఎమ్మార్వో ఆఫీసులో తలెత్తుకొని తిరుగుతది. ఆమె పన్నులతో నడిచే సర్కారు, ఆమె పేరు మీద కౌలుకిచ్చిన భూమిలోకి ఆమె అదే బట్టతోటి పోగలదా? హైదరాబాద్ క్లబ్బులు లేపేస్తయని మేము అనం. లేపబోమని లీజు కాగితంలో రాసి ఉన్నదా అని అడుగుతున్నం.

గోల్ఫ్ కూడా క్రీడనే కదా, క్రీడలకు జాగ ఇస్తే తప్పా అని ఒక మిత్రుడు మాతోటి వాదించిండు. సరే, క్రీడల లెక్కనే తీద్దాం. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణం అన్నరు. ఊరికి ఎకరం, దొరక్కపోతే అర ఎకరం. చానా ఊర్లల్ల బోర్డు నిలబడ్డది, ఆట నిలబడలేదు. అదే ఏడాది పోలీసు కొలువులకు 1600 మీటర్ల పరుగు పెట్టిండ్రు. మా దిక్కు పిల్లలు తెల్లారుజామున లారీల లైట్ల వెలుగులో డాంబర్ రోడ్డు మీద ఉరికిండ్రు. ఊరి పిల్లలందరికీ ఎకరం, క్లబ్బుకు 235.

మా డోర్నకల్ బొగ్గు రైళ్లను చూస్తూ బతికిన ఊరు. 1880ల చివర ఇక్కడి నుంచి ఇల్లెందు గనులకు రైలు వేసిన నాటి నుంచి సంపద మా ముందు నుంచే పోతున్నది, మేము చెయ్యి ఊపుతున్నం. పక్కనున్న బయ్యారం ఉక్కు ఫ్యాక్టరీ 2014 విభజన చట్టంలో ఆరు నెలల్లో తేలుస్తమన్న మాట దగ్గరనే ఆగింది. అట్లాంటి ఊరోళ్లకు హైదరాబాద్ గడ్డి సంగతి ఎందుకు అనేటోళ్లకు ఒక్కటే జవాబు. హైదరాబాద్ మాది కాదంటేనే గదా మనం రోడ్డెక్కింది!

సమాచార హక్కు చట్టం కింద టీజీఐఐసీకి దరఖాస్తు రాసి పెట్టినం. గోల్ఫ్ మైదానం లీజు పత్రం నకలు, మొదటి ఏడాది నుంచి ఇప్పటిదాకా సాలుకు ఎంత కిరాయి జమ అయింది, క్లబ్బు ఆదాయం లెక్కలను ప్రభుత్వ ఆడిటర్ ఎవరన్నా చూసిండ్రా, అప్పటి ఏపీఐఐసీ వాటా ఇప్పుడు ఎవరి పేరు మీద ఉన్నది, 2015 కమిటీ రిపోర్టు ఏది అని అడిగినం. ఖర్చు పది రూపాయలు, రెండు బజ్జీల పైసలు. విద్యార్థి మిత్రులు, ఉద్యోగ మిత్రులు తలా ఒకటి వేయండ్రి. ఒక్కటొస్తే మూలకు పడేస్తరు, వెయ్యి వస్తే పడేసే మూల దొరకదు. మా దరఖాస్తు నమూనా వచ్చే సంచికలో అచ్చేస్తం. జవాబు వస్తే ఆ అంకె తీసుకపోయి బజ్జీల అవ్వకు చెప్పేది ఉన్నది. ఈసారి తప్పు చదివినవ్ అనకుండా, కాగితం చేతికే ఇస్తం.