నీళ్లు తేటగానే ఉన్నాయి కదా!

మా ఇంట్లో చేపలు మొత్తం ఆరు. తొమ్మిది రోజుల్లో నాలుగు పోయాయి. నాలుగోదాన్ని మందారం కుండీలో పూడ్చిపెడుతుంటే మా అమ్మాయి అడిగింది, ‘‘అమ్మా, మనమేమైనా చేశామా వాటిని?’’ అని. ‘‘లేదమ్మా, వాటి ఆయుష్షు అంతే’’ అన్నాను. మూడో తరగతి పిల్లకు చెప్పడానికి అంతకన్నా తేలికైన జవాబు తోచలేదు. అది అబద్ధమని అప్పటికి నాకూ తెలీదు లెండి.

గోల్డ్‌ఫిష్ ఆయుష్షు తొమ్మిది రోజులు కాదు. సరిగ్గా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. బ్రిటన్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ ఏకంగా 43 ఏళ్లు బతికి 1999లో కన్నుమూసింది. కొన్న పది రోజులకే చేప పోతే ‘వాటి బతుకులింతే’ అని సరిపెట్టుకుంటాం. అలా సరిపెట్టుకుని వారానికో కొత్త జత తెచ్చేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. నేనూ ఆ బాటలోనే ఉన్నాను.

పోయిన వేసవి సెలవుల్లో కొన్నాం. రెండడుగుల గాజుతొట్టె. అరవై లీటర్ల నీళ్లు, అడుగున రంగురాళ్లు, మూలన స్పాంజి ఫిల్టరు, గాలిబుడగల మోటారు. ఆరోజు సాయంత్రమే ఆరు చేపల్నీ వదిలాం. మూడో రోజుకు నీళ్లు కాస్త పాలలా మారాయి. దుకాణంలో అడిగితే ‘మొత్తం నీళ్లు మార్చేయండి’ అన్నారు. మార్చాం. కుళాయి నీళ్లు పట్టి నేరుగా నింపాం. రాళ్లు కడిగాం. ఫిల్టరు స్పాంజిని తెల్లగా వచ్చేదాకా కుళాయి కింద పిండాం. అద్దంలా మెరిసింది తొట్టె. తెల్లారేసరికి ఒక చేప తేలింది. ఈసారి నీలంమందు చుక్కలు వేయమన్నారు. వేశాం. ఇంకోటి పోయింది. పక్కింటావిడ టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి కలపమన్నారు. అదీ చేశాం. మరో రెండు పోయాయి. చేయాల్సిందంతా చేశామన్న తృప్తి మాత్రం మిగిలింది.

కైకలూరు దగ్గర మా బాబాయికి చేపల చెరువులున్నాయి. వేరే పని మీద ఫోన్ చేస్తే మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన మందు పేరు చెబుతారనుకున్నాను. వరసగా ప్రశ్నలు మొదలెట్టారు.

‘‘ఒక్కరాత్రిలో అన్నీ పోయినియ్యా, ఒకటి తర్వాత ఒకటా?’’

‘‘ఒకటొకటే బాబాయ్.’’

‘‘ముందు పెద్దది పోయిందా, చిన్నదా? పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్యా? ఒంటి మీద మచ్చలేమన్నా ఉన్నయ్యా? నీళ్లు చూపించావా?’’

‘‘నీళ్లు తేటగానే ఉన్నాయి బాబాయ్.’’

అటువైపు నవ్వు. ‘‘విషం కూడా తేటగానే ఉంటదమ్మాయ్. చేపని పెంచడం ఏముంది, నీళ్లని పెంచాలి గానీ.’’

ఆ ప్రశ్నల్లో ఎంత లెక్క ఉందో తర్వాత అర్థమైంది. ఒక్కరాత్రిలో అన్నీ పోతే అది ఆక్సిజన్ అందకపోవడమో, విషం కలవడమో అయి ఉంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు సాధారణంగా పెద్ద చేపలే ముందు పోతాయి. ఎండాకాలంలో ఈ గండం ఎక్కువ. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది. అన్నీ బాగుండి ఒక్కటే చిక్కిపోయి చనిపోతే ఆ చేపకే రోగమో, ముసలితనమో అనుకోవాలి. రోజుకొకటి చొప్పున వరసగా పోతుంటే మాత్రం ముందు నీళ్లని అనుమానించాలి.

భీమవరం, కైకలూరు వైపు రైతులు సీసాలో నీళ్లు పట్టుకుని ఆక్వా ల్యాబులకు వెళ్తారు. ఇంట్లోవాళ్లకు అంత శ్రమ అక్కర్లేదు. చుక్కలు వేసి రంగు చూసుకునే టెస్ట్ కిట్ దొరుకుతుంది. గాజు గొట్టంలో మా తొట్టె నీళ్లు పోసి, చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగాం. పసుపుగా ఉండాల్సింది ఆకుపచ్చగా తిరిగింది. అమోనియా 2 పీపీఎం. ఉండాల్సింది సున్నా. పీహెచ్ చూస్తే 8 దాటింది. ఇదింకా చేటు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమోనియాలో చేపను చంపే భాగం దాదాపు పదింతలవుతుంది.

ఈ అమోనియా బయట్నుంచి వచ్చింది కాదు. చేప తన మొప్పల నుంచి వదిలేదే. తినకుండా మిగిలిన మేత కుళ్లినా పుడుతుంది. చెరువులోనైతే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేస్తాయి. నైట్రేట్ మరీ పేరుకుపోతే తప్ప చేపకు పెద్దగా హాని లేదు. పొలంలో యూరియా చల్లాక నేలలో జరిగేదీ ఇదే. కొత్త తొట్టెలో ఆ బ్యాక్టీరియా ఉండదు. ఫిల్టరు స్పాంజి మీద, రాళ్ల మీద అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆరు చేపల్ని మొదటిరోజే వదిలిన ఇంట్లో అంత వ్యవధి ఎక్కడిది? ఆ కాస్త పుట్టిన బ్యాక్టీరియానీ స్పాంజి పిండి, రాళ్లు తోమి మేమే వదిలించుకున్నాం. మిగిలిందేమైనా ఉంటే కుళాయి నీళ్లలోని క్లోరిన్ చూసుకుంది. క్లోరిన్ చేప మొప్పల్నీ కాలుస్తుంది. నీలంమందు, టెట్రాసైక్లిన్ కూడా ఈ మంచి బ్యాక్టీరియా మీద దెబ్బ కొట్టేవే. రోగం లేని చోట వైద్యం చేశామన్నమాట.

బాబాయి చెప్పిన వైద్యంలో మందు లేదు. రెండు రోజులు మేత బంద్. రోజూ మూడోవంతు నీళ్లు తీసి, అంతే కొత్త నీళ్లు పోయాలి. అవి ఒక రోజంతా వెడల్పాటి టబ్బులో నిలవుంచినవి, తొట్టె నీళ్లంత వేడిలోనే ఉన్నవి కావాలి. నిలవుంచే తీరిక లేకపోతే హైపో వాడొచ్చు. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడిన ఆ పలుకులే, యాంటీక్లోరిన్ పేరుతో అక్వేరియం షాపుల్లో ఉంటాయి. స్పాంజి మురికైతే తొట్టె నుంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు జాడించి పెట్టేయాలి. తర్వాత మేత రోజుకొక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేటంత. ఇదే మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన నియమం. గాజు దగ్గరికి వెళ్తే చాలు, ఆకలితో చచ్చిపోతున్నట్టు చూస్తాయి మరి!

వారం తిరిగేసరికి అమోనియా దిగింది. గండం గడిచిందనుకున్నాం. మూడో వారంలో మళ్లీ చేపలు పైకొచ్చి ఎగబీల్చాయి. మోటారు తిరుగుతూనే ఉంది. ఈసారి కిట్‌లో నైట్రైట్ గొట్టం ఊదారంగుకు తిరిగింది. అమోనియాని తినే బ్యాక్టీరియా వచ్చింది, నైట్రైట్‌ని తినేది ఇంకా రాలేదు. నైట్రైట్ చేప రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే శక్తిని తీసేస్తుంది. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరాడదు. దీనికి వంటింట్లోనే మందుంది. లీటరుకు గ్రాము లెక్కన రాళ్ల ఉప్పు విడిగా కరిగించి కొద్దికొద్దిగా కలపడమే. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డుపడుతుంది. గోల్డ్‌ఫిష్ ఆ మాత్రం ఉప్పు తట్టుకుంటుంది. మొక్కలున్న తొట్టెలో మాత్రం ఈ పని చేయకండి.

మందులు అసలే వద్దని కాదు. ఒంటి మీద, రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే అది పరాన్నజీవి పని. దానికి మందు కావాలి. చుక్కలు రాలిపోగానే ఆపకూడదు. చేప ఒంటి మీద ఉన్నంతసేపు ఆ జీవికి మందు అంటదు, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోయాక కూడా కొన్నాళ్లు కొనసాగించాలి.

నీళ్లు బాగున్నా, చుక్కల్లేకపోయినా ఒక్కసారిగా చేపలు పోయాయంటే ముందురోజు ఇంట్లో ఏం చల్లారో గుర్తు తెచ్చుకోండి. దోమలకు, బొద్దింకలకు కొట్టే స్ప్రేల్లో చాలావాటిలో ఉండేవి పైరెథ్రాయిడ్లు. మనిషికి పెద్దగా ఏమీ కాని మోతాదు కూడా చేపకు ప్రాణాంతకం. గాలిమోటారు గదిలోని ఆ గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. స్ప్రే కొట్టాల్సి వస్తే మోటారు ఆపి, తొట్టెను ప్లాస్టిక్ షీటుతో కప్పండి. కిటికీలు తెరిచి గది గాలి మారగానే షీటు తీసి, మోటారు వేయడం మర్చిపోకండి. సబ్బు చేతులు, అలంకారానికి వేసే రాగి, ఇత్తడి బొమ్మలు కూడా తొట్టెకు దూరంగా ఉండాలి.

ఆరో వారం చివరికి అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకొచ్చాయి. ఆ రోజు మా అమ్మాయిని కూర్చోబెట్టి, మొదట చెప్పిన జవాబు తప్పని ఒప్పుకున్నాను. ఆయుష్షు కాదు, మనమే నీళ్లు పాడుచేశామని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘మందారం కుండీలో ఉన్నవాటికి కూడా చెబుదామా?’’ అంది.

ఇప్పుడు వారానికోసారి పరీక్ష దానిదే. పాత నోట్‌బుక్‌లో తేదీ వేసి, రంగు చూసి అంకె రాస్తుంది. చేపలు ఆ రెండే. మరో జత తెద్దామని అడిగితే బాబాయి ఫోన్‌లో తేల్చేశారు, ‘‘అరవై లీటర్లకి ఆ రెండూ చాలు. అవి పెరగవా ఏంటి?’’ అని.