మావారి షెడ్డు, నా వంటగట్టు

మావారికి చిన్నప్పట్నుంచీ వడ్రంగం పిచ్చి. కుర్చీ కాలు ఊగితే కార్పెంటర్ని పిలవనివ్వరు, అలాగని తనూ వెంటనే చెయ్యరు. ఆయన సామానంతా ఇన్నాళ్లూ మంచాల కిందా మెట్ల కిందా గోనెసంచుల్లో ఉండేది. ఈ ఏడాది కారు షెడ్డులో వెనక సగాన్ని వర్క్‌షాపు చేసుకున్నారు. అమెరికాలో ఉన్న మా మరిది దాన్ని గ్యారేజీ అంటాడు. మనకి గ్యారేజీ అంటే కారు రిపేరుకిచ్చే చోటు కదా, అందుకని మా ఇంట్లో అది షెడ్డే.

నేను అడ్డు చెప్పలేదు. చేతిపని ఇష్టమున్న మనిషికి ఇంట్లో ఒక చోటుండటం మంచిదే. పైగా మంచాల కింద ఊడ్చుకోవచ్చు. "గ్రైండర్ కొంటున్నాను" అన్నప్పుడు మాత్రం ఇడ్లీ పిండికనుకుని సంబరపడ్డాను. ఇనుము కోసేదిట!

ఆ షెడ్డు తయారైన తీరే నన్ను ఇది రాయించింది. కార్పెంటరు వచ్చి మొట్టమొదట మావార్ని నిటారుగా నిలబెట్టి, చేతులు కిందకి వదలమని, నేల నుంచి మణికట్టు దాకా టేపు పెట్టి కొలిచాడు. చిత్రిక పట్టే బల్ల ఆ ఎత్తులో లేకపోతే నడుం పట్టేస్తుందట. 33 అంగుళాలు వచ్చింది. తర్వాత ఎలక్ట్రీషియన్. లైటు మనిషి వెనక ఉంటే మన నీడే పని మీద పడుతుందని, సరిగ్గా బల్ల పైన ట్యూబులైటు పెట్టాడు. పెద్ద మిషన్లకి 16 ఆంపియర్ల ప్లగ్గు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా చటుక్కున ఆపేసే ఆర్‌సీసీబీ. పొట్టు దుమ్ము లాగేయడానికి ఎగ్జాస్ట్ ఫ్యాను. గోడకి చిల్లుల బోర్డు, సుత్తి ఎక్కడ, ఉలి ఎక్కడ, పట్టకారు ఎక్కడ తగిలించాలో మార్కరుతో గీతలు. ఇదంతా ఆదివారాలు రెండు మూడు గంటలు చేసే పనికోసం.

ఆ సాయంత్రం అదే టేపుతో నా వంటగట్టు కొలిచాను. 36 అంగుళాలు. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు.

రెండేళ్లుగా నాకు కుడి భుజం నొప్పి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి అప్పుడే అడిగింది, "మీ గట్టు ఎంత ఎత్తాంటీ?" అని. తెలీదన్నాను. ఆ ప్రశ్నే వింతగా తోచింది. నిలబడి పని చేసే గట్టు మోచేతికి ఓ నాలుగంగుళాలు కిందకి ఉండాలి. నాది ఒక్క అంగుళం కిందుంది. దానిమీద స్టవ్వు, స్టవ్వు మీద అయిదు లీటర్ల కుక్కరు. రోజూ భుజం ఎగరేసి కలుపుతున్నానన్నమాట. లైటేమో గది మధ్యలో సీలింగుకి, అంటే నా వెనక. కూర తరుగుతుంటే నీడ కత్తి మీదే పడుతుంది. తడిచేత్తో మిక్సీ ఆన్ చేసేది నేను. ఆర్‌సీసీబీ ఉన్నది షెడ్డులో.

మా అత్తయ్యగారు కత్తిపీట ముందు కూర్చుని తరిగేవారు, పొయ్యి ముందు పీట వేసుకుని వండేవారు. మమ్మల్ని నిలబెట్టారు, సంతోషమే. నిలబడే మనిషి ఎత్తెంతో మేస్త్రీ అడగలేదు, అంతే.

తప్పంతా మావారిదే అనను. ఇల్లు కట్టేటప్పుడు ఆయన నన్నడిగారు, టైల్స్ ఏ రంగు వేద్దామని. నేనూ రంగు గురించే వారం రోజులు ఆలోచించాను. లేత పసుపు. మీలో ఎంతమంది గట్టు ఎత్తు గురించి నోరు విప్పారో నిజం చెప్పండి. మనం వంటింటిని అలంకరించుకుంటాం గానీ, అదీ ఒక పనిచోటే అనుకోం. వెలుగు, గాలి, ఎత్తు, కరెంటు భద్రత అడగడం ఎందుకో గొంతెమ్మ కోరికలా అనిపిస్తుంది. మా ఆడపడుచు అననే అంది, "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడేమొచ్చింది వదినా?" అని. భుజం నొప్పి వచ్చిందమ్మా, అన్నాను.

షెడ్డులో తయారైన మొదటి వస్తువు చెప్పుల స్టాండు కావాల్సింది. నా పోరు పడలేక ఎత్తుపీట అయింది. 3 అంగుళాల ఎత్తు, స్టవ్వు దగ్గర్నుంచి సింకు దాకా పొడవు. చిన్న పీటైతే వెనక్కి అడుగేసినప్పుడు తూలిపడతామని వెడల్పుగా చేయించాను. నాలుగు మూలలా రబ్బరు ముక్కలు కొట్టింది మా అమ్మాయి. గట్టుకి పైన లైటు, వంటింటికి ఆర్‌సీసీబీ అయ్యేదాకా షెడ్డులోకి కొత్త మిషను రాకూడదని షరతు పెట్టాను. ఆయన ఒప్పుకున్నారు, మొహం మాత్రం కాస్త చిన్నబోయింది.

మా చెల్లెలు ఇల్లు కట్టుకుంటోంది. నాకంటే పొట్టి. గట్టు సంగతి అడగమంటే వాళ్ల మేస్త్రీ, "అందరికీ పెట్టేదే పెడతామమ్మా" అన్నాడట. ఇంకా గట్టు పొయ్యలేదు. ఆదివారం మావారి టేపు పట్టుకుని వెళ్తున్నాను.