వెనక పోర్షన్ పైపు ఎవరు మారుస్తారు?

బళ్లారిలో ఒక విశ్వాసి ఇల్లు బాగుచేయించుకుంటే గృహప్రతిష్ఠ ప్రార్థన పెడతాం. కొత్త గ్రానైటు, కొత్త పైపులు, కొత్త ఫిల్టరు చూసి దేవుణ్ణి స్తుతిస్తాం. మంచిదే. కానీ ఆలూరు, రాయదుర్గం వైపు నుంచి జీన్స్ కుట్టే పనికొచ్చి వెనక పోర్షన్‌లో అద్దెకున్న కుటుంబం మాత్రం ముప్పై ఏళ్ల నాటి పైపు నీళ్లే తాగుతుంది. "అద్దెవాళ్లకు అంత ఖర్చెందుకు?" అనే మాట మన సంఘస్థుల నోటే వింటున్నాం. ఆ మాట పాపం.

ఆ పైపులో ఏముంది? పాత జీఐ పైపుల జింకు పూతలో సీసం కలిసి ఉండేది. పీవీసీ పైపుల తయారీలోనూ మన దేశంలో ఏళ్ల తరబడి సీసం కలిపారు. అది నీళ్లలోకి దిగుతుంది. దానికి రంగు, రుచి, వాసన లేవు. కాచినా పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. పెద్దలకంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది, తెలివిని దెబ్బతీస్తుంది. మన తాగునీటి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అసలు ఇంతవరకైతే ఫర్వాలేదు అనదగ్గ మోతాదే లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

పీవీసీ పైపుల్లో సీసం మాన్పించడానికి కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. అవి కొత్త పైపులకు. గోడలో ఉన్న పైపును యజమానే పీకాలి.

"పొద్దున కాసేపు నీళ్లు వదిలేసి పట్టుకోండి" అంటారు. రోజూ నీళ్లు రాని ఊళ్లో, బిందె పట్టుకుని కాచుక్కూర్చున్న తల్లికి ఆ సలహా ఏ మొహంతో చెబుతాం?

అమెరికాలోని ఫ్లింట్‌లో 2014లో ఖర్చు తగ్గుతుందని నది నీళ్లకు మారారు. పాత పైపుల సీసం కరిగి పిల్లల రక్తంలో చేరింది. నల్లజాతివారే ఎక్కువగా ఉన్న ఆ ఊరి తల్లుల మొరను అధికారులు నెలల తరబడి కొట్టిపారేశారు. మన వాడల మొర కూడా అలాగే పోతోంది.

మన సంఘాల చేతిలో హాస్టళ్లు, బడులు, అద్దె గదులు ఉన్నాయి. ముందు అక్కడి నీళ్లు పరీక్ష చేయించి ఫలితాన్ని చర్చి నోటీసు బోర్డు మీద పెట్టాలి. యువజనులారా, ఆ కాగితం మీరే అడగండి. మార్చేటప్పుడు వీధి కనెక్షన్ నుంచి వెనక పోర్షన్ చివరి కుళాయి దాకా మార్చాలి. ఆ ఖర్చు అద్దెలో కలపకూడదు.

చిన్నవారికిచ్చే గిన్నెడు నీళ్లను ప్రభువు లెక్కపెడతాడని ప్రసంగిస్తాం. అవి ఏ పైపు నీళ్లో కూడా ఆయనకు తెలుసు.